చెత్తకు వాయిదా లేదు



దినపత్రికల్లో జిల్లా పేజీలో తరచూ ఒక చిన్న వార్త కనిపిస్తుంది. ఫలానా నగరంలో చెత్త శుద్ధి కేంద్రం నిర్మాణం అనుకున్న సమయానికి పూర్తి కాలేదనీ, గుత్తేదారు అభ్యర్థన మేరకు నగరపాలక సంస్థ మరో ఆరు నెలల గడువు ఇచ్చిందనీ దాని సారాంశం. చదివి పేజీ తిప్పేస్తాం. ప్రభుత్వ పనులన్నాక ఆలస్యం మామూలేగా అని సరిపెట్టుకుంటాం. కానీ ఈ ఆలస్యం మిగతా ఆలస్యాల వంటిది కాదు. వంతెన కట్టడం ఆరు నెలలు ఆగితే ఆ ఆరు నెలలూ పాత దారినే చుట్టు తిరిగి వెళ్తాం. ఈలోగా ఏరు వెడల్పు పెరగదు. చెత్త కేంద్రం ఆగితే చెత్త ఆగదు. రోజుకు 500 టన్నుల చెత్త తీసే ఒక మధ్యస్థాయి నగరాన్ని తీసుకోండి. ఆరు నెలల్లో అది 90 వేల టన్నులవుతుంది. శుద్ధి కేంద్రం లేనప్పుడు ఆ 90 వేల టన్నులూ ఊరి చివర ఎవరో కొందరి ఇళ్ల పక్కన, ఏదో ఒక చెరువు ఎగువన పడాల్సిందే. కాబట్టి గడువు పొడిగింపు కాగితం మీద తేదీ మార్చడంతో ముగిసే పని కాదు. అది 90 వేల టన్నుల భారాన్ని ఒకరి నుంచి తీసి మరొకరి నెత్తిన పెట్టే నిర్ణయం. ఆ భారం ఎవరి మీద పడుతోందో, ఎంత పడుతోందో చెప్పకుండా, వాళ్లకు ఏ హామీ ఇవ్వకుండా ఏ నగరమూ గడువు పొడిగించకూడదన్నదే ఈ ప్రసంగంలో నేను మీ ముందు ఉంచదలచిన మాట.

మన దేశంలో ఈ గడువుల కథ పాతికేళ్ల నాటిది. నగరాల చెత్తను ఊళ్ల శివార్లలో కుమ్మరించడాన్ని ప్రశ్నిస్తూ పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. కోర్టు నిపుణుల సంఘాన్ని నియమించింది. దాని సిఫార్సుల ఆధారంగా కేంద్రం 2000 సంవత్సరం సెప్టెంబరులో పట్టణ ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. అందులో తేదీలు స్పష్టంగా ఉన్నాయి. ఉన్న డంపింగ్ యార్డులను 2001 చివరికల్లా చక్కదిద్దాలి. భవిష్యత్ అవసరాలకు స్థలాలను 2002 చివరికల్లా గుర్తించాలి. చెత్త శుద్ధి కేంద్రాలను 2003 డిసెంబరు 31 లోగా కట్టి తీరాలి. ఆ తేదీ వచ్చింది, పోయింది. చాలా నగరాల్లో కేంద్రమే లేదు. తరవాత 2016 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు వచ్చాయి. లక్ష జనాభా దాటిన పట్టణాలకు శుద్ధి కేంద్రాలు కట్టడానికి రెండేళ్లు, చిన్న పట్టణాలకు మూడేళ్లు, పాత చెత్తగుట్టల పని పట్టడానికి ఐదేళ్లు గడువు ఇచ్చాయి. లెక్క ప్రకారం 2021 ఏప్రిల్ నాటికి దేశంలో పాత చెత్తగుట్ట అనేదే మిగలకూడదు. అదే ఏడాది అక్టోబరులో స్వచ్ఛ భారత్ రెండో దశ మొదలైనప్పుడు ప్రభుత్వం ముందున్న లెక్క ఏమిటంటే, దాదాపు 15 వేల ఎకరాల్లో పేరుకున్న 16 కోట్ల టన్నుల పాత చెత్త. ఇప్పుడు మూడో విడత నిబంధనలు 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. నిబంధన మారిన ప్రతిసారీ గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలైంది. గడువు దాటినందుకు ఏ నగరానికి ఏమైందన్న ప్రశ్న మాత్రం ప్రతిసారీ వెనకబడిపోయింది.

ఆలస్యం ఎంత పెద్దదో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 వార్షిక నివేదిక చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది దేశంలో పట్టణాల నుంచి రోజుకు వచ్చిన చెత్త సుమారు లక్షా 60 వేల టన్నులు. అందులో శుద్ధి అయినది దాదాపు 80 వేల టన్నులు, అంటే సగం. శాస్త్రీయమో కాదో గానీ, పూడ్చిపెట్టే స్థలాలకు చేరినది 29 వేల టన్నుల పైచిలుకు. ఈ రెండూ కలిపినా ఇంకో 50 వేల టన్నుల దాకా లెక్కకు అందలేదు. అది సేకరణకే రాని చెత్త, కాలువల్లో కొట్టుకుపోయే చెత్త, వీధి మలుపుల్లో తగలబడే చెత్త. చెత్తను బహిరంగంగా తగలబెడితే 5 వేల రూపాయలు, పెద్ద మొత్తంలో తగలబెడితే 25 వేలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. అయినా మన ఊళ్లలో తెల్లవారుజామున పొగ కనపడని వీధి అరుదు. ఒక కేంద్రం ఆలస్యమైందంటే ఈ లెక్కకు అందని చెత్త ఆ మేరకు పెరిగిందని అర్థం.

ఒక నగరం కథ దగ్గరగా చూద్దాం. కేరళలోని కొచ్చి నగరానికి బ్రహ్మపురం అనే చోట చెత్త స్థలం ఉంది. 2008లో అక్కడ కంపోస్టు ప్లాంటు మొదలైంది. నేల చిత్తడిది, కట్టడాలు కొన్నేళ్లకే దెబ్బతిన్నాయి. ప్లాంటు సరిగా పనిచేయకపోయినా చెత్త లారీలు మాత్రం రావడం మానలేదు. 2016లో చెత్త నుంచి విద్యుత్ తీసే కేంద్రం కోసం ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం కుదిరింది. ఆ సంస్థ పెట్టుబడి సమకూర్చుకోలేకపోయింది. గడువు మీద గడువు గడిచి, చివరికి 2020లో ఒప్పందం రద్దయింది. ఆ నాలుగేళ్లూ 'పెద్ద ప్లాంటు వస్తోంది కదా' అన్న ధీమాతో తాత్కాలిక ఏర్పాట్ల మీద ఎవరూ గట్టిగా దృష్టి పెట్టలేదు. ఆ తరవాత పాత గుట్టలను తవ్వి వేరుచేసే బయోమైనింగ్ పనిని సుమారు 55 కోట్ల రూపాయలకు మరో సంస్థకు అప్పగించారు. ఆ పనీ అనుకున్న వేళకు తెమల్లేదు.

2023 మార్చి 2న బ్రహ్మపురంలో నిప్పు రాజుకుంది. ఏళ్లుగా పేరుకున్న ప్లాస్టిక్ గుట్టలవి. పైన మంట ఆర్పితే లోపల కుంపటిలా రగులుతూనే ఉంది. జేసీబీలతో గుట్టను తవ్వుతూ, తవ్విన చోట నీళ్లు పంపు చేస్తూ, నౌకాదళ హెలికాప్టర్లతో పైనుంచి నీళ్లు కుమ్మరిస్తూ పోరాడితే పూర్తిగా ఆరడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో కొచ్చిలో బడులకు సెలవులిచ్చారు. ఇళ్లలోంచి బయటికి రావద్దనీ, వస్తే మాస్కు పెట్టుకోమనీ అధికారులు చెప్పారు. హరిత ట్రిబ్యునల్ నగరపాలక సంస్థకు 100 కోట్ల రూపాయల పరిహారం విధించింది. తరవాత అక్కడే రోజుకు 150 టన్నుల తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటును భారత్ పెట్రోలియం తలపెట్టింది. 2025 మార్చి నాటికి సిద్ధం కావాలన్నది లక్ష్యం. ఆ తేదీ కూడా దాటింది. ఈ కథలో ఏ ఒక్క పొడిగింపును విడిగా చూసినా దానికి ఒక కారణం కనిపిస్తుంది. పెట్టుబడి దొరకలేదు, వానలు అడ్డొచ్చాయి, అనుమతులు ఆలస్యమయ్యాయి. అన్నీ కలిపి చూస్తేనే ఆ గుట్ట ఎలా పెరిగిందో అర్థమవుతుంది. పొడిగింపులను ఒక్కొక్కటిగా మన్నించడం వల్ల వచ్చే ముప్పు ఇదే.

ఇంతకీ ఈ కేంద్రాలు ఎందుకు ఆలస్యమవుతాయి? కట్టాక కూడా ఎందుకు ఆగిపోతాయి? భూమి, డబ్బు, అనుమతులు అన్నవి అందరూ చెప్పే కారణాలు. వాటి గురించి కాసేపట్లో మాట్లాడుకుందాం. అంతకంటే లోతైన కారణం ప్లాంటు గేటు దగ్గర కనిపిస్తుంది. లారీ కాటా మీదికెక్కి తూకం వేయించుకుని లోపల గచ్చు మీద చెత్త కుమ్మరిస్తుంది. అందులో అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలతోపాటు పాల ప్యాకెట్లు, డైపర్లు, తడిసిన బట్టలు, పగిలిన గాజు, పాత బ్యాటరీలు, కొబ్బరి బొండాలు, వాకిళ్లు ఊడ్చిన మట్టి, అన్నీ కలిసి ఉంటాయి. దాన్ని తిరిగే జల్లెడ డ్రమ్ములో వేస్తే తడి చెత్త పాలిథీన్‌కు అంటుకుని కన్నాలను మూసేస్తుంది. బట్టపీలికలు ఇరుసులకు చుట్టుకుంటాయి. యంత్రం ఆపి మనుషులు చేతులతో పీకాలి. జల్లెడ కిందికి దిగిన ఎరువులో గాజుపెంకులుంటే, చెప్పుల్లేకుండా నాట్లు వేసే పొలంలో దాన్ని చల్లడానికి ఏ రైతూ ఒప్పుకోడు. జల్లెడ పైన మిగిలిన ప్లాస్టిక్‌కు బురద పట్టి ఉంటే పాత సామాన్ల వ్యాపారి కొనడు. తగలబెట్టి కరెంటు తీద్దామంటే తడి వల్ల సరిగా మండదు. ఇంటి దగ్గర కలిసిపోయిన చెత్తను మళ్లీ విడదీయడం కోట్లు పోసిన యంత్రానికి కూడా కష్టమే.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్క్ సంస్థ పరిజ్ఞానంతో రోజుకు 300 టన్నుల చెత్తను కాల్చి 3.75 మెగావాట్ల విద్యుత్ తీసే కేంద్రాన్ని 1987లో మొదలుపెట్టారు. మన చెత్తలో తడి, మట్టి ఎక్కువ. మండే గుణం ఆ యంత్రానికి కావలసినంత లేదు. 21 రోజుల ప్రయోగంతోనే దాన్ని ఆపేశారు. మన దగ్గరా అదే అనుభవం. 2003 ప్రాంతంలో విజయవాడలో 6 మెగావాట్ల కేంద్రం, షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్ల కేంద్రం వచ్చాయి. చెత్త నుంచి కరెంటు అన్న పేరున్నా అవి వరి పొట్టు వంటి వ్యవసాయ వ్యర్థాల మీద బాగా ఆధారపడ్డాయి, ఆనక మూతపడ్డాయి. ఇలాంటి కేంద్రాలకు ప్రభుత్వ రాయితీలు ఇవ్వడాన్ని 2005లో సుప్రీంకోర్టు ఆపింది. వాటి పనితీరును నిపుణులు పరిశీలించాక, ప్రయోగాత్మకంగా ఐదు కేంద్రాలకు మాత్రం 2007లో వీలు కల్పించింది. తిమార్‌పూర్, విజయవాడ, ఎలికట్ట కేంద్రాలన్నీ కట్టడం వరకూ పూర్తయినవే అన్నది గమనించండి. గడువులోగా కట్టినా, వేరుచేసిన చెత్త అందకపోతే ఆ కేంద్రం నిలవదు. అందుకే గడువు పొడిగించమని ఎవరైనా అడిగినప్పుడు 'భవనం ఎప్పటికి పూర్తవుతుంది' అన్న ఒక్క ప్రశ్న చాలదు. 'ఈ గడువులో ఊళ్లో ఎన్ని ఇళ్లు చెత్తను వేరుచేసి ఇస్తాయి' అని కూడా అడగాలి.

ఈ వరసను సరిగ్గా పాటించిన నగరం ఇండోర్. ముందు ఇంటింటి సేకరణ, ఇంటి గుమ్మంలోనే తడి, పొడి వేరుచేయడం అలవాటు చేసింది. 2018లో దేవ్‌గురాడియాలో సుమారు 100 ఎకరాల్లో ఉన్న 13 లక్షల టన్నుల పాత చెత్త పని పట్టింది. మొత్తం పనిని గుత్తకు ఇస్తే ఖర్చు ఎన్నో రెట్లయ్యేది. నగరపాలక సంస్థే యంత్రాలను అద్దెకు తెచ్చుకుని, షిఫ్టుల వారీగా నడిపి, కొద్ది నెలల్లో పది కోట్ల రూపాయల లోపు ఖర్చుతో ముగించింది. ఆ తరవాత, 2022 ఫిబ్రవరిలో, అదే చోట రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి గ్యాస్ తీసే పెద్ద ప్లాంటు ప్రారంభమైంది. రోజుకు 17 వేల కిలోల గ్యాస్, 100 టన్నుల ఎరువు దాని సామర్థ్యం. ప్లాంటు వచ్చేనాటికే దానికి కావలసిన శుభ్రమైన తడి చెత్త ఊళ్లో సిద్ధంగా ఉంది. చిన్న స్థాయిలో మన హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ కూడా ఇదే చెబుతోంది. అక్కడ రోజూ మిగిలే పది టన్నుల దాకా కూరగాయల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, కొంత వంటగ్యాసు తీసే ప్లాంటు పెట్టారు. హైదరాబాదులోనే ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానమది. మార్కెట్ చెత్త పుట్టుకతోనే వేరుగా ఉంటుంది కాబట్టి ప్లాంటుకు పెద్ద ఇబ్బంది లేదు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. నగర అధికారులు మొదట చెప్పేది భూమి సంగతి. 'స్థలం చూపిస్తే ఆ ఊరివాళ్లు వద్దంటారు, కోర్టుకెళ్తారు, ఏళ్లు గడిచిపోతాయి, మేమేం చేస్తాం' అంటారు. ఇందులో నిజం ఉంది. సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలోని ప్యారానగర్‌లో హైదరాబాదు చెత్త కోసం కేంద్రం పెట్టబోతే 2025 ఆరంభంలో ఆ చుట్టుపక్కల గ్రామాలు రోడ్డెక్కాయి. వాళ్లది మొండిపట్టు అనడం తేలిక. కానీ వాళ్ల కళ్ల ముందు హైదరాబాదు చెత్తను పోసే జవహర్‌నగర్ ఉంది. అక్కడ కోటి టన్నులకు పైగా చెత్త గుట్టయింది. దాని మీద కప్పు వేశారు, విద్యుత్ కేంద్రం పెట్టారు; నిజమే, అది పనికొచ్చే పనే. కానీ అంతకు ముందే ఏళ్ల తరబడి గుట్ట కింద ఊరిన నల్లటి నీరు పక్కనున్న మల్కారం చెరువులో చేరింది. చుట్టుపక్కల కాలనీలు వాసన పీలుస్తూ బతికాయి. ఒకచోట ఇచ్చిన మాట నిలబెట్టుకోని నగరం మరోచోట భూమి అడిగితే జనం నమ్మరు. పాత గడువులు దాటుతూ వచ్చినందుకు నగరం చెల్లిస్తున్న మూల్యమే ఈ అపనమ్మకం. గడువును గౌరవించడం మొదలుపెడితేనే తరవాతి స్థలం సులువుగా దొరుకుతుంది. పైగా, తడి చెత్తను డివిజన్ల స్థాయిలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకుంటే దూరపు గ్రామాన్ని అడగాల్సిన భూమి సగానికి తగ్గుతుంది, ఎందుకంటే మన చెత్తలో దాదాపు సగం తడి చెత్తే.

రెండో అభ్యంతరం డబ్బు. పురపాలక సంఘాలకు ఆదాయం తక్కువ, ప్లాంటు కట్టడానికే కాదు, రోజూ నడపడానికీ ఖర్చుంది. ఎరువు అమ్మితే ఆ ఖర్చు గిట్టుబాటు కాదు. అందుకే కేంద్రం 2016లో నగర కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇంటింటి సేకరణకు రుసుము పెడితే జనం దాన్ని చెత్త పన్నుగా చూశారు. ప్రభుత్వం మారాక రద్దయింది. రుసుము ఉండాలా వద్దా అన్నది రాజకీయంగా తేల్చుకోవలసిన విషయం. కానీ ఒకటి మాత్రం ఖాయం. రుసుము వద్దంటే ఆ ఖర్చు బడ్జెట్‌లో వేరేచోట కనిపించాలి. రెండుచోట్లా కనిపించకపోతే చెత్త ఉచితంగా పోయిందని అర్థం కాదు. ఆ ఖర్చు డంపింగ్ యార్డు పక్కవాళ్ల ఆసుపత్రి బిల్లుల్లో, పాడైన బోరునీటికి బదులు కొనుక్కునే నీళ్ల డబ్బాల్లో కనిపిస్తుంది. ఇవాళ డబ్బు లేదని వాయిదా వేసిన పని రేపు తక్కువ ఖర్చుకు రాదు. రోజువారీ చెత్తను ఎప్పటికప్పుడు శుద్ధి చేయడం ఒక్క పని. దాన్ని ముందు పోగుపడనిచ్చి, పదేళ్ల తరవాత తవ్వి, జల్లెడ పట్టి, మిగిలినదాన్ని మళ్లీ ఎక్కడికో తరలించడం మూడు పనులు.

మూడో అభ్యంతరం కొంచెం బరువైనది. 'గడువు విషయంలో మరీ పట్టుబడితే గుత్తేదారు పని వదిలి పారిపోతాడు. మళ్లీ టెండరు పిలవాలంటే ఇంకో రెండేళ్లు. లేదంటే హడావిడిగా నాసిరకం ప్లాంటు కట్టి చేతులు దులుపుకుంటాడు' అని కొందరు ఇంజినీర్లే అంటారు. ఈ వాదనను కొట్టిపారేయలేం. తిమార్‌పూర్ వంటి ప్లాంటు మరోటి గడువులోగా కట్టినా మనకు ఒరిగేదేమీ లేదు. అందుకే నేను గడువు ఎప్పుడూ పొడిగించకూడదని అనడం లేదు. వరదలు వస్తాయి, కరోనా వంటివి వస్తాయి, కోర్టు స్టే ఇస్తుంది. అప్పుడు పొడిగించక తప్పదు. నేననేది, పొడిగింపుకు ప్రతిఫలం ఉండాలని. ఆరు నెలలు ఎక్కువ అడిగినవాడు ఆ ఆరు నెలల్లో ఏ నెలకు ఏ పని చూపిస్తాడో రాసివ్వాలి. మొదటి రెండు నెలల పని జరగకపోతే మిగతా నాలుగు నెలల సంగతి అక్కడే తేలిపోవాలి. చివరి రోజు దాకా ఆగి అయ్యో అనుకోవడం కొచ్చిలో జరిగింది. మధ్యలో మైలురాళ్లు ఉంటే, విఫలమయ్యే ఒప్పందం నాలుగేళ్లకు బదులు నాలుగు నెలల్లోనే బయటపడుతుంది. పని చేసే గుత్తేదారుకు ఇందులో భయపడాల్సిందేమీ లేదు.

నాలుగోది, 'కోర్టులున్నాయి, ట్రిబ్యునల్ ఉంది, జరిమానాలు వేస్తూనే ఉన్నారుగా' అనే మాట. అవును, వేశారు. 2020 ఏప్రిల్ నుంచి నిబంధనలు పాటించని నగరాలు, జనాభా పది లక్షలు దాటితే నెలకు 10 లక్షల రూపాయలు, ఐదు నుంచి పది లక్షల మధ్య ఉంటే 5 లక్షలు, మిగతావి లక్ష కట్టాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. 2022లో తెలంగాణకు చెత్త, మురుగునీటి శుద్ధిలో లోపాలకు సుమారు 3,800 కోట్ల రూపాయలు, ఢిల్లీకి మూడు చెత్తగుట్టల విషయంలో 900 కోట్లు విధించింది. ఈ తీర్పుల వల్ల విషయం ప్రభుత్వాల దృష్టికి గట్టిగా వచ్చింది. కానీ నెలవారీ లెక్క వేసి చూడండి. పది లక్షల మంది ఉన్న నగరానికి నెలకు 10 లక్షలంటే తలకు ఒక్క రూపాయి. పైగా ఆ రూపాయి కట్టేది కూడా నగర ఖజానా, అంటే పన్ను కట్టే జనం, డంపింగ్ యార్డు పక్కన ఉన్నవాళ్లతో సహా. నిర్ణయం తీసుకున్నవాళ్ల మీద భారం పడదు, నష్టపోయినవాళ్లకు పైసా చేరదు. ప్రత్యామ్నాయం లేకపోతే ఆదేశాలూ నిలవవు. 2017 సెప్టెంబరు 1న ఢిల్లీ ఘాజీపూర్‌లో చెత్తకొండ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. ఆ స్థలం 2002లోనే నిండిపోయిందని అధికారిక లెక్క. నిండాక పదిహేనేళ్లపాటు వేరే స్థలం లేదంటూ అక్కడే పోశారు. ప్రమాదం జరిగాక పోయడం ఆపమన్నారు; ప్రత్యామ్నాయం సిద్ధంగా లేక లారీలు మళ్లీ అక్కడికే వెళ్లాయి. జరిమానా ఒక్కటే ప్రత్యామ్నాయాన్ని పుట్టించదు.

మరి ఏం చేయాలి? చెత్త కేంద్రానికి గడువు పొడిగించే ఏ నగరమైనా నాలుగు షరతులు పాటించాలని నా అభిప్రాయం. ఒకటి, ఈ పొడిగింపు కాలంలో రోజువారీ చెత్త ఎక్కడికి వెళ్తుంది, అక్కడ ఏం చేస్తారు అన్నది అదే తీర్మానంలో రాయాలి. తాత్కాలిక ఏర్పాటు లేని పొడిగింపు చెల్లకూడదు. రెండు, తీర్మానాన్ని కమిషనర్ ఫైలులో ముగించకుండా కౌన్సిల్ సమావేశంలో చర్చకు పెట్టాలి. ప్రస్తుత యార్డు ఉన్న ఊళ్లో, కొత్త కేంద్రం రాబోయే ఊళ్లో సభ పెట్టి కారణం చెప్పాలి. మూడు, ఆలస్యం గుత్తేదారు వల్లయితే అతని బ్యాంకు గ్యారంటీ నుంచి, నగరం వల్లయితే నగరం నిధి నుంచి, నెలకింత అని విడిగా తీసి యార్డు చుట్టుపక్కల తాగునీటికి, వైద్యానికి, చెత్తనీటి శుద్ధికే ఖర్చుచేయాలి. అప్పుడు ఆలస్యానికి ధర ఉంటుంది, ఆ ధర బాధితులకు చేరుతుంది. నాలుగు, పొడిగింపు పొందిన ప్రతి నెలా తడి, పొడి వేరుచేసి ఇచ్చే ఇళ్ల శాతం వార్డులవారీగా ప్రకటించాలి. ఇవేవీ కొత్త చట్టం అవసరమైన పనులు కావు. టెండరు ఒప్పందంలో నాలుగు వాక్యాలు, కౌన్సిల్ ఎజెండాలో ఒక అంశం, వార్డు కార్యాలయం గోడమీద ఒక కాగితం చాలు.

ఈ నాలుగో షరతులో మన వంతు ఉంది. కొత్త నిబంధనలు చెత్తను నాలుగు రకాలుగా వేరుచేయమంటున్నాయి. తడి, పొడి, డైపర్ల వంటి పారిశుద్ధ్య వ్యర్థాలు, బ్యాటరీలూ మందుల వంటి ప్రత్యేక జాగ్రత్త కావలసినవి. 'మేం వేరుచేసి ఇస్తే ఆటోవాడు అన్నీ కలిపేస్తాడుగా' అని చాలామంది అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కలిపేసే వాహనం వస్తే అడగండి, ఫిర్యాదు చేయండి, వార్డు సభలో నిలదీయండి. కానీ కలిపి ఇచ్చే ఇల్లు ఆ ప్రశ్న అడగలేదు. వేరుచేసిన ఇంటికే అడిగే హక్కు వస్తుంది. గ్లౌజు లేని చేతులతో మన చెత్తలోంచి పగిలిన గాజును ఏరుతున్న పారిశుద్ధ్య కార్మికుల పట్ల కూడా ఇది మన కనీస బాధ్యత.

చివరగా శ్రోతలకు ఒక మనవి. ఈసారి మీ పట్టణంలో చెత్త శుద్ధి కేంద్రానికి గడువు పొడిగించారన్న వార్త కనిపిస్తే పేజీ తిప్పకండి. మీ కార్పొరేటర్‌నో కౌన్సిలర్‌నో మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎన్నో పొడిగింపు? ఈలోగా మన చెత్త ఎవరి ఊళ్లో పడుతోంది? వాళ్లకు మనం ఏం ఇస్తున్నాం? సమాధానం లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వడం వాళ్ల విధి. 2003 డిసెంబరు 31 గడువు దాటిపోయినప్పుడు ఈ ప్రశ్నలు ఊరూరా అడిగి ఉంటే, కోట్ల టన్నుల పాత చెత్తను తవ్వుకోవలసిన అవసరం ఇంతగా ఉండేది కాదు. ఇప్పుడైనా అడుగుదాం.